కొట్టం తాళం

ఆ ఏడు కూల్‌నబ్రోలో ఆవులు పగలు నిద్రపోయి రాత్రిళ్ళు మేసేవి. మనుషుల సంగతీ ఇంచుమించు అంతే. పొద్దు పొడవగానే ప్రతి కొట్టానికీ తాళం పడేది. పొద్దు వాలాక తాళం తీసి ఆవును కొండ మీదికి వదిలేవారు. దీనికి కారణం చట్టం. ప్రభుత్వంవారి మతానికి పాదిరి అయిన మినిస్టరుగారికి చెల్లించాల్సిన దశమభాగం చెల్లించకపోతే ఆయన మనుషులు వచ్చి పశువును తోలుకుపోవచ్చు. కాని పగటిపూటే రావాలి, తాళం వేసిన తలుపును పగలగొట్టకూడదు. తలుపు తీసి ఉంటే మాత్రం నిక్షేపంగా లోపలికి నడవవచ్చు. దొంగకూ జప్తువాడికీ ఆ మాత్రం తేడా ఉండాలని చట్టం రాసినవాళ్ళు అనుకున్నట్టున్నారు.

మినిస్టరుగారి గుడి వేరు, ఊరివాళ్ళ గుడి వేరు. ఆదివారం ఆయన ప్రసంగానికి ఆయన భార్య, గుమాస్తా, కుక్క హాజరయ్యేవారు. చివరిదాకా మేలుకుని వినేది కుక్క ఒక్కటేనని ఊళ్ళో చెప్పుకునేవారు. అయినా ఊరివాళ్ళ బంగాళాదుంపల్లో, బార్లీలో పదోవంతు ఆయనది. మిగిలినదాంట్లోంచి భూస్వామికి కౌలు కట్టాలి. "పదోవంతు దేవుడికి, తొమ్మిది వంతులు దొరకి, తొక్కలు మనకి" అని పిల్లలు కూడా పాడుకునేవారు.

నేను కాలేజీలో చదివిన చరిత్ర పుస్తకం ఈ గొడవకు ఒక పేరా కేటాయించింది. నేను కోడలిగా అడుగుపెట్టిన ఇంట్లో దీనికి ఒక కొట్టమే ఉంది. కథ నాకు మా అత్తగారు చెప్పారు, ఆవిడకు వాళ్ళ అత్తగారు చెప్పారట. ఇది కోడళ్ళకు మాత్రమే చెప్పే కథ. మా ఇంటి మగవాళ్ళు దీన్ని వినరు. వినబడినా లేచి, గొర్రెల్ని చూసొస్తామంటూ బయటికి పోతారు.

అప్పట్లో ఈ ఇంటికి పెద్దదిక్కు గాబ్నెట్ ట్వోమీ. భర్త పోయాడు. కొడుకు ఫీనీన్, కోడలు ఎలీన్, ఒక ఆవు. ప్రాముఖ్యం చూస్తే ఆవు పేరే ముందు రాయాలి. దాని పాలను చిలికి, వెన్నను ఉప్పేసి పీపాల్లో కూరి కార్క్ పట్నానికి పంపితే కౌలు తీరేది. మజ్జిగా బంగాళాదుంపలతో మనుషులు బతికేవారు. ఆవు పోతే వెన్న లేదు, వెన్న లేకపోతే కౌలు లేదు, కౌలు లేకపోతే ఇల్లు లేదు. ఇల్లు లేకపోవడమంటే ఏమిటో తెలియాలంటే దూరం పోనక్కర్లేదు. వాగు అవతల లీహీవాళ్ళ ఇల్లు కప్పు ఊడదీసి ఉంది, గోడల మధ్య దురదగొండి మొలిచింది. లీహీవాళ్ళు ఎటు పోయారో ఎవరూ అడగలేదు. అడిగితే తమకూ చోటు చూపిస్తారేమోనని భయం.

అందుకని కొట్టం తాళంచెవి గాబ్నెట్ మెడలో జపమాలతోపాటు వేలాడేది. కొడుక్కి కూడా ఇచ్చేది కాదు. కోడలి సంగతి చెప్పనక్కర్లేదు. ఎలీన్ కొండ అవతలి పిల్ల. కొండ అవతలివాళ్ళకు వెన్న చిలకడం రాదనీ, ఉప్పు చేతికందినంత వేస్తారనీ గాబ్నెట్ నమ్మకం. ఆ నమ్మకాన్ని రోజూ పైకి చెప్పేది.

జూన్ నెలలో ఒక రోజు ఊరి మగవాళ్ళంతా చీకటితోనే లేచి, భుజాన వంపుకర్రలు పెట్టుకుని మిల్‌టౌన్ మైదానానికి బయలుదేరారు. దశమభాగానికి వ్యతిరేకంగా సభలు పెట్టకూడదని ప్రభుత్వం చెప్పింది గాని, కర్రబంతి ఆడకూడదని చెప్పలేదు. అందుకని ఆ ఏడు దేశంలో ఆటగాళ్ళు వేలల్లో పుట్టుకొచ్చారు. బంతి మాత్రం ఎక్కడా కనబడేది కాదు.

ఫీనీన్ మలుపు తిరిగి కనుమరుగయ్యాడో లేదో, ఎలీన్‌కు నొప్పులు మొదలయ్యాయి. గాబ్నెట్ పక్కింటామెను పంపి మంత్రసాని నాన్స్‌ను పిలిపించింది. నాన్స్ ఆ చుట్టుపక్కల నడుస్తున్నవాళ్ళలో సగంమందికి పురుడు పోసిన మనిషి. మిగతా సగానికి కూడా తనే పోయాల్సిందనీ, అప్పుడు ఇంత దరిద్రంగా తయారయ్యేవాళ్ళు కారనీ ఆవిడ అభిప్రాయం.

"ఈ ఇంటికి దేవుడి దీవెన" అంటూ లోపలికొచ్చి, శాలువా తీయకుండానే, "ఏవే గాబ్నెట్, మూసినవన్నీ తియ్యి, ముడేసినవన్నీ విప్పు" అంది.

అది ఊరందరికీ తెలిసిన పద్ధతే. ఇంట్లో ఎక్కడ తాళం బిగిసి ఉన్నా, ముడి బిగిసి ఉన్నా లోపల బిడ్డ దారి కూడా బిగుస్తుంది. గాబ్నెట్ బట్టల పెట్టె తెరిచింది, పిండిపెట్టె తెరిచింది. ఎలీన్ జడ విప్పింది, తన కొప్పు విప్పింది. దూలానికి వేలాడే ఉల్లిపాయల జడను కూడా విప్పింది. పొయ్యి దగ్గర కాలికి తాడుకట్టి ఉంచిన కోడిపెట్టను వదిలేసరికి అది నేరుగా మంచమెక్కింది.

"నీ లంగా బొందు?" అంది నాన్స్.

"అది కూడానా?"

"ముడి ముడే. అది నీ వయసు చూసి ఊరుకోదు."

గాబ్నెట్ బొందు విప్పి, ఒక చేత్తో లంగా పట్టుకుని పని చేయసాగింది. ఏదో పనిమీద సగం తలుపు పైనుంచి బయటికి చూసింది. చూసి, అక్కడే ఆగిపోయింది.

కొట్టానికి ఎదురుగా, దారి అవతలి రాతిగోడ మీద థేడీ క్రోలీ కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. మినిస్టరుగారి తరఫున పశువుల్ని తోలుకుపోయేవాడు ఈ థేడీ. పరాయివాడు కాదు. మూడు పొలాల అవతల పుట్టాడు, ఊరివాళ్ళ గుడికే వస్తాడు, వెనకవరసలో ఒంటరిగా మోకరిల్లుతాడు. వాళ్ళ నాన్న కౌలు కట్టలేక రోడ్డున పడ్డాక, ఇంకెవరూ ఒప్పుకోని పని ఇతను ఒప్పుకున్నాడు. అతని పక్కన గోడమీద చుట్టచుట్టిన తాడు ఉంది.

"ఏం థేడీ, దారి తప్పావా?" అంది గాబ్నెట్.

"లేదు పిన్నీ. కాళ్ళు పీకుతున్నాయి. కాసేపు కూర్చుందామని."

"సరిగ్గా మా కొట్టం ఎదురుగానే పీకాయా?"

"నీడ చూసి కూర్చున్నా."

అక్కడ నీడ లేదు. ఎండ సూటిగా అతని మొహం మీదే పడుతోంది.

"మగాళ్ళు లేని రోజు చూసుకొచ్చావు. మగాడివే!"

"మగాళ్ళున్న రోజు వస్తే నా తల ఎటు దొర్లుతుందో నీకూ తెలుసు పిన్నీ" అన్నాడు థేడీ. మాటలో కోపం లేదు. "పొద్దున్నే నాన్స్ ఇటు రావడం చూశా. ఎలీన్‌కి సుఖంగా జరగాలి. నిజంగానే అంటున్నా. నాకేం తొందర్లేదు, కూర్చుంటా."

గాబ్నెట్‌కు సంగతి అర్థమైంది. జప్తుకు బయటివాడు వస్తే కొట్టం తలుపునూ తాళాన్నీ చూస్తాడు. ఎంతసేపు చూసినా తాళం తాళమే గనక విసుగుపుట్టి వెళ్ళిపోతాడు. థేడీ తాళాన్ని చూడటం లేదు. ఇంటి తలుపు చూస్తున్నాడు. లోపల ఏం జరుగుతోందో, ఇంకాసేపట్లో ఆడవాళ్ళు ఏం చెయ్యక తప్పదో అతనికి తెలుసు. అతన్ని కన్నప్పుడు కూడా ఆ ఊళ్ళో తాళాలన్నీ తీసే కన్నారు.

జూన్ నెల పొద్దు చావదు. పైకెక్కి అక్కడే కూర్చుంటుంది. గోడమీద థేడీ, ఆకాశంలో సూర్యుడు, ఇద్దరూ కదలకుండా ఉన్నారు. కొట్టంలో ఆవు ఒకటి రెండుసార్లు అరిచింది. లోపల ఎలీన్ మొదట్లో గట్టిగా అరిచింది, తరవాత చిన్నగా. మధ్యాహ్నం దాటాక మూలుగు మాత్రమే వినబడుతోంది. అరుపుకంటే అదే ఎక్కువ భయపెట్టింది.

నాన్స్ చేతులు తుడుచుకుంటూ మంచం దగ్గర్నుంచి లేచింది. "ఇంకా ఏదో మూసి ఉంది" అంది.

"అన్నీ తీశా."

"కొట్టం?"

గాబ్నెట్ మెడలోని తాళంచెవిని చేత్తో కప్పింది.

"నిన్నే అడుగుతున్నా."

"కొట్టం ఇల్లు కాదు."

"పాలిచ్చేది మీ ఇంటిది కాకపోతే ఎవరిదే? గోడ ఒకటే, కప్పు ఒకటే. కిల్‌గార్‌లో కూపర్ పెళ్ళాం పోయినప్పుడు గుర్తుందా? శవాన్ని కడిగాక చూశారు, అటకమీద చిన్న తేనెడబ్బాకి తాళం. తేనెడబ్బా! నీది ఎంత తాళమో ఒకసారి చూసుకో."

"పొద్దు వాలేదాకా ఆగలేమా?"

"నేనాగుతా. అది ఆగదు" అని నాన్స్ మంచం వైపు తల తిప్పింది.

ఎలీన్ కళ్ళు తెరిచే ఉన్నాయి. మొహం గోడ రంగులో ఉంది. "అత్తా," అంది, "తియ్యద్దు. ఆవు పోతే ఆయన్ని, నిన్ను..." అని మాట పూర్తి చేయలేక పెదవి కొరుక్కుంది. ఊపిరి వచ్చాక, "లీహీ వాళ్ళలాగా అయిపోతాం" అంది.

"నోర్మూసుకో" అంది గాబ్నెట్. "కొండ అవతలివాళ్ళకి వెన్న సంగతే తెలీదనుకున్నా. నోరెప్పుడు మూసుకోవాలో కూడా తెలీదు." ఆ మాటంటూనే మెడలోంచి తాళంచెవి తీసింది.

బయటికి వచ్చేసరికి దారి పొడవునా ప్రతి గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. మంత్రసాని వచ్చిందన్న కబురూ, థేడీ వచ్చాడన్న కబురూ ఒకేసారి ఊరంతా తిరిగాయి. జుట్టు విరబోసుకుని, ఒక చేత్తో జారిపోయే లంగా పట్టుకుని, ఇంకో చేత్తో తాళంచెవి పట్టుకుని గాబ్నెట్ వాకిలి దాటుతుంటే మామూలు రోజైతే నవ్వేవాళ్ళే.

"థేడీ, మీ అమ్మ నిన్ను కన్నప్పుడు ఈ నాన్సే పురుడు పోసింది" అంది.

"తెలుసు."

"ఆ రోజు మీ గోడమీద ఎవరూ కూర్చోలేదు."

థేడీ చుట్ట రాతికి నొక్కి ఆర్పాడు. "మా ఇంట్లోనూ నలుగురు తింటారు పిన్నీ. ఈ ఆవు తీసుకెళ్ళకపోతే రేపు నా పని ఇంకొకడిది. వాడు నిన్ను పిన్నీ అని కూడా పిలవడు."

"పొద్దు వాలేదాకా తాళం తీసి ఉంచుతా. నువ్వు గోడ అవతలే ఉండు. దేవమాత మీద ఒట్టేసి ఒక్క మాట చెప్పు చాలు."

అతను దారి వైపు చూశాడు, గుమ్మాల్లో ఆడవాళ్ళను చూశాడు, చెప్పలేదు. కాని కాసేపు ఆలోచించాడనీ, ఆ ఆలోచన తన కళ్ళతో చూశాననీ గాబ్నెట్ చివరిదాకా చెప్పేదట.

ఆమె తాళంలో చెవి తిప్పింది. తాళం తీసి నేలమీద పెట్టి, తలుపును బార్లా తెరిచి, పక్కకు జరిగింది.

థేడీ గోడ దిగి, తాడు తీసుకుని, దారి దాటి లోపలికి వెళ్ళాడు. కొట్టంలోంచి ఆవు బయటికొచ్చింది. ఇన్నాళ్ళూ పగటి వెలుగు చూడక కళ్ళు చికిలిస్తూ నిలబడింది. తరవాత, తలుపు తీస్తే ఎటు వెళ్ళాలో దానికి అలవాటే గనక, కొండదారి పట్టబోయింది. థేడీ చెయ్యి చాపి అడ్డం పడ్డాడు. అది అటు తిరిగింది, ఇటు తిరిగింది. కర్రతో అదిలిస్తే పరుగెత్తేలా ఉంది. అతను తాడు విప్పి దాని మెడచుట్టూ వేశాడు.

"ముడెయ్యకు" అంది గాబ్నెట్. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు. "తోలుకుపో. కర్రతో కొట్టి తోలుకుపో, నేనడ్డం రాను. ముడి మాత్రం వెయ్యకు. నీకు తెలుసు. లోపల ఇంకా కాలేదు."

"ముడెయ్యకపోతే కొండెక్కుతుంది పిన్నీ."

"ఎక్కితే ఎక్కనీ."

"అవన్నీ పాతకాలం మాటలు" అన్నాడు థేడీ. అంటూనే ముందు గుండెమీద శిలువ గుర్తు వేసుకున్నాడు. ఆ తరవాత ముడి వేసి లాగాడు.

లోపల మూలుగు ఆగిపోయింది.

ఆగిపోవడమంటే మామూలుగా కాదు. కోళ్ళ చప్పుడు కూడా లేదు. థేడీ తాడు పట్టుకుని ఇంటి తలుపు వైపు చూస్తూ నిలబడిపోయాడు.

అప్పుడు గాబ్నెట్ అరిచింది. "ముడేశాడు! ముడేశాడు, ఏవమ్మా, ముడేశాడు!"

కూల్‌నబ్రోలో కబురు కాళ్ళమీద నడవదు, గుమ్మం నుంచి గుమ్మానికి దూకుతుంది. పక్కింటామె అందుకుంది, ఆమె అరుపును ఆ పై ఇంటామె అందుకుంది. మూడో గుమ్మం దగ్గరికి చేరేసరికి ఎలీన్ ప్రాణం పోతోంది, వంతెన దగ్గరికి చేరేసరికి పోయింది. వంతెన మీద ఎవరో మగవాళ్ళను పిలుస్తూ కొమ్ము ఊదారు. మిల్‌టౌన్ దారిలో, చాలా దూరంలో, ఇంకో కొమ్ము జవాబిచ్చింది.

థేడీ ఆవును లాక్కుంటూ పరుగులాంటి నడకతో పోయాడు. మినిస్టరుగారి బందెలదొడ్డికి దారి ఒకటే. మిల్‌టౌన్ నుంచి మగవాళ్ళు తిరిగొచ్చేదీ అదే.

గాబ్నెట్ వాకిట్లోనే ఉండగా లోపల బిడ్డ ఏడ్చింది.

ఆడపిల్ల. మెడచుట్టూ పేగు చుట్టుకుని వచ్చిందట, నాన్స్ వేలితో తప్పించింది. మూలుగు ఆగింది ఆ క్షణంలోనే, ఎలీన్ ఊపిరి బిగబట్టి చివరి తోపు తోసినప్పుడు. ఎలీన్ బతికింది. నీరసంగా ఉంది, కాని కళ్ళు తిప్పుతోంది, దాహమంటోంది. పెట్టను మంచం మీంచి దింపమని కూడా అడిగింది.

"చూశావా" అంది నాన్స్ బిడ్డను తుడుస్తూ. "తాళం తియ్యమన్నానా లేదా?"

గాబ్నెట్ బిడ్డను ఎత్తుకుని పొయ్యి వెలుగులో చూసింది. "కొండ అవతలి ముక్కు" అంది. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆమె నోట ఎవరూ ఎరగరు. లంగా బొందు బిగించుకుంది. కుండలో నీళ్ళు పోసి పొయ్యిమీద పెట్టింది.

"ఎవర్నైనా పంపు" అంది నాన్స్. "తల్లీబిడ్డా బాగున్నారని చెప్పిరమ్మను. ఇందాకటి నీ అరుపు ఎక్కడిదాకా పోయిందో ఏమో."

గాబ్నెట్ వంటచెరుకుగా ఎండబెట్టిన మట్టిపెళ్ళ ఇంకొకటి పొయ్యిలోకి తోసింది. "ముందు నీళ్ళు కాగనీ" అంది.

ఇంతే. ఇంతకుమించి ఆవిడ ఏమీ అనలేదు. మంచంమీద ఎలీన్ విన్నది. ఆమె చిన్నపిల్ల కాదు, నీళ్ళు కాగడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలుసు. దారి పొడవునా ఆడవాళ్ళున్నారనీ, ఒక్క కేక వేస్తే చాలుననీ కూడా తెలుసు. ఆమె కూడా కేక వెయ్యలేదు. కళ్ళు మూసుకుంది. నీరసమని అనుకోవచ్చు. మా ఇంట్లో కోడళ్ళందరూ అలాగే అనుకున్నాం.

నీళ్ళు కాగాయి. బిడ్డకు స్నానమైంది. పక్కింటామె తొంగిచూసి, "అయ్యో, బతికే ఉందా!" అని గుండెమీద చెయ్యి వేసుకుని, సంతోషంతో అక్కడే కూలబడి టీ అడిగింది. అలా ఒకరి తరవాత ఒకరు వచ్చారు, ఒకరూ వెళ్ళలేదు. ఇల్లు నిండిపోయింది. ఎవరికివారు ఇంకెవరో కబురు పంపే ఉంటారని అనుకున్నారు.

పొద్దు వాలుతుండగా వాకిట్లో గిట్టల చప్పుడైంది. ఆవు. తనంతట తనే వచ్చి కొట్టం ముందు నిలబడింది. మెడలో తాడు ఉంది, కాని దాని కొస కత్తితో కోసినట్టు నున్నగా తెగి ఉంది. ముడి అలాగే ఉంది. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే శాలువాలు కప్పుకుని, ఎవరి మొహమూ ఎవరూ చూడకుండా వెళ్ళిపోయారు. నాన్స్ కూడా వెళ్ళింది. వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి గాబ్నెట్ వైపు చూసింది. మళ్ళీ ఎప్పుడూ ఆ గుమ్మం తొక్కలేదు. ఎలీన్ తరవాతి కాన్పులకు వేరే ఊరినుంచి మనిషిని తెచ్చుకోవాల్సి వచ్చింది.

గాబ్నెట్ ముడిని వేళ్ళతో విప్పబోయింది. బిగిసిపోయింది. పళ్ళతో పట్టి లాగి విప్పింది. తాడు పొయ్యిలో వేసి, చెంబు కడిగి, ఆవు పక్కన కూర్చుని పాలు పితికింది. పరుగెత్తి వచ్చిన ఆవు కదా, ఎక్కువ ఇవ్వలేదు.

ఫీనీన్ వచ్చేసరికి వెలుగు ఇంకా కొంచెం మిగిలే ఉంది. దారిమీద అతను ఒక్కడే కనిపించాడు. మిగతావాళ్ళు పొలాలకు అడ్డంపడి ఎవరిళ్ళకు వాళ్ళు పోయినట్టున్నారు. భుజాన వంపుకర్ర లేదు. గుమ్మం దగ్గర ఆగి చెవి పెట్టి విన్నాడు. శవం ఉన్న ఇంట్లో శోకాలుండాలి. శోకాలు లేవు. లోపలికి అడుగుపెట్టాడు.

ఎలీన్ దిండుకు ఆనుకుని మజ్జిగ తాగుతోంది. ఒళ్ళో బిడ్డ ఉంది.

ఫీనీన్ ఆమె వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపైనా దగ్గరికి వెళ్ళలేదు. సంతోషపడాల్సిన మనిషి మొహం అలా పాలిపోవడం తానెప్పుడూ చూడలేదని ఎలీన్ తన కోడలికి చెప్పిందట.

"బతికే ఉందా?" అన్నాడు, తల్లివైపు తిరిగి.

"చూస్తున్నావుగా" అంది గాబ్నెట్.

"పోయిందన్నారు. వంతెన దగ్గర... వాడు ముడేశాడనీ, ఇది పోయిందనీ..."

"బతికింది."

"ఎప్పుడు? ఎప్పుడు తెలిసింది మీకు?"

గాబ్నెట్ మంచం దగ్గరికి వెళ్ళి, బిడ్డను గుడ్డలో చుట్టి తీసుకొచ్చి కొడుకు ముందు నిలబడింది. "ఆడపిల్ల. ఎత్తుకో" అంది.

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"చేతులు కడుక్కునిరా పో" అంది తల్లి.

"వాగులో కడుక్కునే వచ్చానమ్మా" అన్నాడు ఫీనీన్.